పిల్లమ్మ పిలుపు

సర్వర్లు కాచే ఉద్యోగం చేసేవాళ్ళకి ఒక గర్వం ఉంటుంది, తాము లేకపోయినా తమ పని ఆగదని. వరూధినికి ఆ గర్వం ఒక పాలు ఎక్కువే. బెంగుళూరు బెళ్ళందూరులోని ఒక కంపెనీలో, ఏ సర్వీసు పడిపోయినా ఆమెని అడగందే మిగతావాళ్ళు చెయ్యి పెట్టరు. అంత పేరున్న మనిషి బళేపేటలో తన ఇంట్లో, తను సొంతంగా పెట్టుకున్న బుల్లి సర్వరు ముందు బోర్లా పడింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్లో పడటం కొత్తేమీ కాదు గానీ, ఈ పడటంలో నవ్వుకోవడానికేమీ లేదు.

ఆ ఇంటి కింది భాగంలో ఒకప్పుడు గాజుల దుకాణం ఉండేది. వరూధిని తండ్రి గోపాలప్పది. దుకాణం కింద, కాపురం పైన. పొద్దున దిగినవాడు, పెళ్ళాం పిల్లమ్మ మెట్లమీదికి వచ్చి పిలిస్తే గానీ మధ్యాహ్నం అన్నానికి లేచేవాడు కాదు. ఆయన ఆకలి ఆయన కడుపులో కాకుండా ఆవిడ గొంతులో ఉన్నట్టుండేది వ్యవహారం. పిలుపు కూడా రోజూ ఒకటే.

"ఇదో, అన్నానికి లెయ్. నువ్వు తిను, నేను ఎనక తింటా."

మొగుడు తిన్నాక తినడం ఆ ఇంట్లో ఎవరూ పెట్టిన నియమం కాదు. పిల్లమ్మ అత్త అట్లాగే తినింది, ఆమె అత్తా అట్లాగే తినింది. వరూధిని చదువుకునే రోజుల్లో తల్లితో దీనిగురించి పోట్లాడేది. "నాకు ఎనక తింటేనే రుచి" అని పిల్లమ్మ నవ్వేసేది, మళ్ళీ మర్నాడు అదే పిలుపు.

ముసలితనంలో గోపాలప్పకి మరపు వచ్చింది. కొన్నవాళ్ళకే అవే గాజులు మళ్ళీ కాగితంలో చుట్టి ఇవ్వడం మొదలెట్టాక, దుకాణం ఇంకొకరికి అద్దెకిచ్చేశారు. ఆయన పైన హాల్లో కుర్చీలో కూర్చుని, పిలుపు వినగానే లేచి వచ్చేవాడు. తక్కినవన్నీ ఒక్కొక్కటే జారిపోతున్నా అది మటుకు జారలేదు. అంతలో పిల్లమ్మకి జబ్బు చేసింది. డాక్టర్లు చెయ్యగలిగింది చేశారు, ఆ తర్వాత కూతుర్ని పక్కకి పిలిచి మాట్లాడారు. పిల్లమ్మకి ఎవరూ చెప్పకపోయినా అర్థమయింది.

"ఒక పని చెయ్ పాపా" అంది ఒక సాయంత్రం, ఆస్పత్రి మంచం మీద. "నా గొంతు పట్టిపెట్టు. నేను పిలవకుంటే మీ నాయన తినడు."

వరూధిని ఫోను పట్టుకుంది. పిల్లమ్మ గొంతు సవరించుకుని, ఎదురుగా మెట్లున్నట్టే పిలిచింది. అన్నానికి ఒకసారి, మాత్రలకి ఒకసారి, స్నానానికి ఒకసారి. రెక్క ఎముకలు బయటపడిన ఆ మనిషికి ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. రికార్డు చేస్తూ వరూధిని ఏడవకుండా ఉండటమే పనిగా పెట్టుకుంది. మాటలు వినలేదు. వినడానికేముంది, పుట్టినప్పట్నుంచీ వింటున్న మాటలేగా.

పిల్లమ్మ పోయింది. గోపాలప్ప శ్మశానానికి వచ్చాడు, చెయ్యాల్సినవన్నీ చేశాడు, ఏడ్చాడు. దినాలు పూర్తి కాకముందే మర్చిపోయాడు. "మీ అమ్మ యాడికి పోయింది?" అని అడిగేవాడు. వరూధిని నిజం చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఆయనకి అది మొదటిసారే. ప్రతిసారీ గుండె బాదుకుని ఏడ్చేవాడు. సాయంత్రానికి మళ్ళీ అదే అడిగేవాడు. ఒక మనిషికి పెళ్ళాం ఒక్కసారి చచ్చిపోతే చాలదా అనిపించింది వరూధినికి. నిజం చెప్పడం మానేసింది.

ఇంట్లో ఒక పాత కంప్యూటరుని సర్వరు చేసింది. తల్లి గొంతుని ఏదో కంపెనీవాళ్ళ సర్వర్లో దాచడం ఆమెకి ఇష్టం లేకపోయింది. షెల్ స్క్రిప్టు బ్రహ్మవిద్యేం కాదు. ఇది చెయ్, అయ్యాక అది చెయ్, కుదరకపోతే నాకు చెప్పు అని, పనిమనిషికి చెప్పినట్టు యంత్రానికి వరసగా రాసిపెట్టే ఆజ్ఞలు. అట్లాంటివి రెండు రాసింది. ఒకదాని పేరు పిలుపు. అది వేళకి తల్లి గొంతుని వంటింటి అటక మీద పెట్టిన స్పీకర్లో వినిపిస్తుంది. రెండోదాని పేరు కాపలా. దానికి ఒకటే పని. పిలుపు నడుస్తోందా లేదా అని అస్తమానం తొంగిచూడటం, పడిపోతే మళ్ళీ లేపడం. బళేపేటలో కరెంటుని నమ్ముకోలేం కాబట్టి, లేచిన పిలుపు ఆ పూట పిలుపుని మొదట్నుంచి మళ్ళీ పలికేట్టు రాసింది. కరెంటు పోయిందని నాయన పస్తుండకూడదు కదా.

అన్నీ కుదిరాయి. మధ్యాహ్నం వంటింట్లోంచి పిల్లమ్మ పిలిచేది, గోపాలప్ప లేచేవాడు. వంటింట్లోకి తొంగిచూసే అలవాటు ఆయనకి ఏనాడూ లేదు. మాత్రలకి పిలిస్తే "వేసుకుంటాండా" అని జవాబిచ్చేవాడు. ఆ జవాబు మొదటిసారి విన్న రోజు వరూధిని స్నానాలగదిలోకి పోయి, కుళాయి తిప్పి ఏడ్చింది. బాధతోనో సంతోషంతోనో ఆమెకే తెలీలేదు. తర్వాత నిశ్చింతగా ఆఫీసుకు పోవడం మొదలెట్టింది. వంటకి సరోజమ్మ అనే పెద్దావిడ వచ్చి, మధ్యాహ్నం ఆయనకొక్కడికి సరిపడా వండి బల్లమీద పెట్టి, మేడమీద బట్టలు ఆరేసుకునేది. రాత్రిపూట ఆయన ఎప్పుడూ పాలు తాగి పడుకునేవాడు, సెలవురోజుల్లో కూడా మధ్యాహ్నం వరూధిని ఆఫీసు పనిమీద గదిలోనే ఉండేది. ఆఫీసులో కూర్చుని వరూధిని ఫోన్లో చూసుకునేది. పిలుపు నడుస్తోంది, కాపలా నడుస్తోంది. అన్నీ సవ్యంగా ఉన్నాయని సర్వరు చెప్పేది, ఆమె నమ్మేది.

గోపాలప్ప చిక్కిపోవడం మొదలెట్టాడు.

చొక్కాలు కొక్కేనికి తగిలించినట్టు వేలాడాయి. డాక్టరు పరీక్షలన్నీ రాశాడు, దేంట్లోనూ ఏమీ లేదు. "సరిగ్గా తింటున్నారా?" అని అడిగాడు. తింటున్నాడనే చెప్పింది వరూధిని. ఇట్లాగే పోతే ఈ వయసులో మనిషి నిలబడటం కష్టమని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. తల్లి పోయింది, ఇక మిగిలింది ఈయనొక్కడే.

మర్నాడు ఆఫీసుకు పోకుండా, హాల్లో తలుపు పక్కన కూర్చుని చూసింది. పిలుపు వచ్చింది. గోపాలప్ప లేచి చెయ్యి కడుక్కుని బల్లముందు కూర్చున్నాడు. కంచంలో రాగి ముద్ద, గిన్నెలో ఆకుకూర ఉడికించిన నీళ్ళతో కాచిన బస్సారు. ముందు ఆ గిన్నెలోకి, పక్కనున్న తపేలాలోకి చూశాడు. తపేలా ఖాళీ. ముద్దని వేళ్ళతో సరిగ్గా మధ్యకి చీల్చి, సగం తీసి వేరే కంచంలో పెట్టి, దానికి సారు పోసి, ఇంకో కంచం బోర్లించి మూతపెట్టాడు. తన సగం నిదానంగా తిని, చెయ్యి కడుక్కుని, పోయి కుర్చీలో కూర్చున్నాడు.

"ఎవురికి నాయనా అది?" అని అడిగింది వరూధిని.

"మీ అమ్మకి. ఎనక తింటా అనింది కదా. అంతా నేనే తినేస్తే ఆమెకేముంటాది?"

సరోజమ్మ మేడమీంచి దిగి, మామూలుగా ఆ మూత కంచం తీసుకుని మళ్ళీ మేడెక్కబోయింది. వరూధిని ఆపి, ఇది ఎన్నాళ్ళ నుంచి జరుగుతోందని అడిగింది.

"మొదట్నుంచీ అంతే కదమ్మా. పోయినామెకి ఎడ పెడతాండాడు అనుకొంటి నేను. దినామూ కాకులకి పెడతాండా." సరోజమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "పెళ్ళాం మింద అంత ప్రేమ ఉండే మగోడ్ని నేను యాడా చూళ్ళేదు. అందుకే ఏమీ అడగలేదు."

ఏమని తిడుతుంది? చచ్చినవాళ్ళకి ఎడ అని వాళ్ళ పేర తిండి పెట్టేవాణ్ణి మధ్యలో అడ్డుకునే మనిషి ఆ పేటలో ఉండదు. తప్పు సరోజమ్మది కాదు. ఆ ఒక్క మాటని కత్తిరించకుండా సర్వర్లో పెట్టింది తను. చిన్నప్పుడు ఏ మాట మీద తల్లితో పోట్లాడిందో ఆ మాటే చెవిలో పడి కూడా పడలేదు.

రెండు ముద్దలు చెయ్యమంది సరోజమ్మని. ఒకటి ఆయన పక్కన పెట్టుకున్నా ఒకటి తింటాడని లెక్క. ఆయన ఒకటిన్నర పక్కన పెట్టాడు. "చిక్కిపోయిండాది. తిననీ" అన్నాడు. పిల్లమ్మ పోయిన సంగతి మరపులో జారిపోయింది గానీ, ఆస్పత్రిలో ఎముకలు తేలిన ఆ రూపం మాత్రం పాపిష్ఠిది ఎక్కడో ఇరుక్కుపోయింది. ఎంత వండితే అంత ఎక్కువ ఆవిడకే పెట్టాడు.

వరూధిని ఆఫీసులో ఏం చేస్తుందో ఇంట్లోనూ అదే చేసింది. తప్పున్న చోటు వెతికి సరిచేసింది. రికార్డులో "నేను ఎనక తింటా" అన్న తోకని కోసేసింది. మర్నాడు పిలుపు "నువ్వు తిను" దగ్గర ఆగిపోయింది. గోపాలప్ప వంటింటివైపు చెవి పెట్టాడు. "నువ్వో?" అన్నాడు. జవాబు రాలేదు. "నువ్వెప్పుడు తింటావే?" అని మళ్ళీ అడిగాడు. చెయ్యి కడుక్కుని కూడా ముద్ద ముట్టకుండా, జవాబు కోసం అట్లాగే కూర్చున్నాడు. సారు మీద తెట్టు కట్టింది. అంతకుముందు సగమైనా తినేవాడు, ఇప్పుడు అదీ లేకుండా పోయింది.

అయితే ఆయనకి కావలసిన జవాబే ఇవ్వాలి అనుకుంది. తినేశానని పిల్లమ్మే చెప్పాలి. ఆ మాట కోసం తల్లి పంపిన పాత వాయిస్ మెసేజీలన్నీ మొదట్నుంచి విన్నది. పాలవాడి గురించి ఉంది, కరివేపాకు గురించి ఉంది, జ్వరానికి కషాయం గురించి ఉంది. తిన్నానన్న మాట ఎక్కడా లేదు. చివరికి ఒక్కటి దొరికింది, ఆస్పత్రినుంచి పంపింది. "నేను తినేసినాలే పాపా. నువ్వు పని చూసుకో."

ఆ రోజు వరూధినికి బాగా గుర్తు. ఆ మాట నమ్మి ఆఫీసులో ఉండిపోయింది. సాయంత్రం పోతే, ముందురోజు నుంచీ నోట్లోకి ఏమీ పోలేదని నర్సు చెప్పింది. పిల్లమ్మ జన్మలో తిన్నానని చెప్పింది ఆ ఒక్కసారే, అదీ అబద్ధం. ఆ అబద్ధంలోంచి రెండు మాటలు కోసి, పిలుపు చివర అతికించింది వరూధిని. అతుకు తెలీకుండా కుదిరింది. తన పనితనానికి తనే సంతోషపడింది, పిచ్చిపిల్ల.

ఆ ఆదివారం మధ్యాహ్నం సరోజమ్మ సెలవు పెట్టింది. వరూధినే వండి, ముద్ద పెట్టి, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని హాల్లో కూర్చుంది. వంటింట్లోంచి గొంతు వచ్చింది.

"ఇదో, అన్నానికి లెయ్. నువ్వు తిను. నేను తినేసినాలే."

గోపాలప్ప లేచాడు. చెయ్యి కడుక్కున్నాడు. కూర్చున్నాడు. ముద్ద మీదికి పోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏమనింది?"

"తినేసినా అనింది నాయనా. నువ్వు తిను."

"నాకంటే ముందా?"

"ఊఁ."

ఆయన కంచంవైపు చూశాడు, వంటింటివైపు చూశాడు. ఎన్నో నెలలుగా ఆయన కళ్ళలో లేని తేట ఒకటి వచ్చింది. దుకాణంలో గాజుని వెలుతురుకి పట్టి, బీట ఉందో లేదో చూసే రోజుల్లో ఉండేది ఆ చూపు.

"నీళ్ళాడిన దినం కూడా పిల్లమ్మ నాకంటే ముందు తినలేదు పాపా" అన్నాడు. "నిన్ను కని మూడో దినం నేను ఊరినుంచి వచ్చేదంకా కూర్చోనుండె." గొంతు బాగా తగ్గింది. "ఆమె లేదు కదా?"

చావుని ఎన్నిసార్లు చెప్పినా నిలుపుకోలేని మనిషి, ఒక్క మాటతో తనంతట తనే దాని దగ్గరికి నడిచిపోయాడు. వరూధినికి ఆ గొంతు ఇంకొక్కసారి ఆయన చెవిన పడకూడదని తోచింది. లాప్‌టాప్ తెరిచి పిలుపుని చంపేసింది. మరుక్షణం కాపలా తొంగిచూసింది. పిలుపు పడిపోయి ఉంది. లేపింది. లేచిన పిలుపు, కరెంటు పోయి వచ్చిందనుకుని, ఆ పూట పిలుపుని మొదట్నుంచి పలికింది.

"ఇదో, అన్నానికి లెయ్. నువ్వు తిను. నేను తినేసినాలే."

గోపాలప్ప చెవులు మూసుకున్నాడు. వరూధిని మళ్ళీ చంపింది. కాపలా మళ్ళీ లేపింది. ముందు కాపలాని ఆపి, ఆ తర్వాత పిలుపుని ఆపాలని ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే నేర్పేది తనే. అది గుర్తురాలేదు. స్పీకరు వైరు పీకినా పోయేది, ఆ తెలివీ రాలేదు. చంపుతూనే ఉంది, తల్లి మళ్ళీ మళ్ళీ లేచి, తినేశానని మొగుడికి చెబుతూనే ఉంది. "చాలు పాపా, ఇడిసిపెట్టు ఆమెని" అని గోపాలప్ప ఏడుస్తూ అంటే, అప్పుడు చేతులు ఆగాయి. కాపలాని ఆపింది. తర్వాత పిలుపుని ఆపింది. ఇల్లు నిశ్శబ్దమైంది.

"ఎప్పుడు పోయింది?" అని అడిగాడు. చెప్పింది. "నాకెవురూ చెప్పలేదే" అన్నాడు. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, ఆయన మోకాళ్ళకి తల ఆనించి వరూధిని బావురుమంది. తల్లి పోయినప్పుడు నాయన్ని చూసుకునే హడావుడిలో ఏడవని ఏడుపంతా అప్పుడొచ్చింది. ఆయన ఎంగిలి కాని చేత్తో ఆమె తల నిమురుతూనే ఉన్నాడు. ఆ పూట ఇద్దరూ తినలేదు.

మర్నాటికి ఆయన అంతా మర్చిపోయాడు. వరూధిని సెలవు పెట్టింది. మధ్యాహ్నం "నాయనా, అన్నానికి రా" అని పిలిచింది.

"వస్తాలే పాపా. మీ అమ్మ పిలవనీ."

బతిమాలింది. కలిపి నోటికి అందించబోతే మొహం తిప్పుకున్నాడు. ఆ పూట మజ్జిగ మాత్రం తాగాడు. తర్వాతి రోజూ అంతే. చేతులు పుల్లల్లా అయ్యాయి, కుర్చీలోంచి లేవడానికి గోడ పట్టుకుంటున్నాడు. సర్వర్లో పాత రికార్డు అట్లాగే ఉంది, ఒక్క ఆజ్ఞ ఇస్తే మళ్ళీ పలుకుతుంది. కానీ అది పలికితే సగం ముద్ద కాకులకి పోతుంది. పలక్కపోతే మొత్తం పోతుంది. సర్వరు దగ్గర కూర్చుని చాలాసేపు ఆలోచించి, వరూధిని లేచి వంటింట్లోకి పోయింది.

వాళ్ళమ్మ గొంతూ ఆమె గొంతూ ఒకటేనని చుట్టాలు ఎప్పుడూ అనేవాళ్ళు. ఫోన్లో పొరపడేవాళ్ళు కూడా.

"ఇదో, అన్నానికి లెయ్" అని పిలిచింది. పిల్లమ్మ ఏనాడూ అనని మాట చేర్చింది. "రా, ఇద్దరం కూర్చోని తిందాం."

కుర్చీ కదిలిన చప్పుడు వినిపించింది. గోపాలప్ప గోడ పట్టుకుని వచ్చాడు. బల్లమీద రెండు కంచాలు, రెండింట్లోనూ ముద్దలు. వంటింట్లోంచి వచ్చి ఎదురుగా కూర్చున్న మనిషిని తేరిపార చూశాడు. పాపా అని పిలిస్తే సంతోషించాలో, భయపడాలో వరూధినికి తెలీలేదు.

"ఇన్నాళ్ళకి నా యెదురుగా కూర్చోవాలని తోచిందా పిల్లమ్మా నీకు" అన్నాడు, ముసిముసిగా. "ముందు నువ్వు తిను. చిక్కిపోయినావు."

వరూధిని ముద్ద తుంచి, సారులో ముంచి, మింగింది. ఆమె మింగిందని చూసుకుని ఆయనా తుంచాడు. అట్లా ఆమె ఒక ముక్క, ఆయన ఒక ముక్క. సగం దగ్గర ఆయన చెయ్యి మళ్ళీ ఆగింది. మిగతా సగాన్ని కంచం అంచుకి జరిపాడు.

"పాప వచ్చిందా ఆఫీసునుంచి? ఏమన్నా తినిందా?"

నేనే కదా నాయనా పాపని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఆయన నమ్ముతాడేమో కూడా. నమ్మితే, ఎదురుగా ఉన్న పిల్లమ్మ లేకుండా పోతుంది, ముద్ద అక్కడే ఆగిపోతుంది. వరూధిని ఆయన మణికట్టు ఎముకవైపు చూసింది.

"ఆఫీసులోనే తినేసింది" అని చెప్పింది.

"అట్లనా. మంచిది. దానికి ఆకలి ఆగదు." అంచుకి జరిపిన సగాన్ని దగ్గరికి లాక్కుని, తింటూ అడిగాడు. "పాప ఈనడుమ కనపడనే కనపడదు. మనల్ని మరిసిపోయిందంటావా పిల్లమ్మా?"

"మరిసిపోలేదులే" అంది వరూధిని, ఆయన గిన్నెలో ఇంకొంచెం సారు పోస్తూ. "నువ్వు తిను."